పాచికలు లేని పెట్టె: తొలి రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో నలుగురైదుగురం చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పొట్టిగా డి అండ్ డి) ఆడతాం. కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవి, చూసిపోదామని వచ్చినవాళ్లు అడిగేవి, మా అమ్మ అడిగేవి అన్నీ కలిపి ఇక్కడ జవాబులు రాశాను. ఇప్పటి ఆట గురించి చెప్పేవాళ్లకు కొదవలేదు. అందుకే నేను 1974లో మొదలై ఓ పదేళ్లపాటు నడిచిన కథకే ఎక్కువ చోటిచ్చాను.

బోర్డు లేదు, పేకలు లేవు, స్క్రీను లేదు. అసలిది ఏం ఆట?

ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పడమే ఆట. మా ఇంట్లో పోయిన వారం ఇలా సాగింది:

"మెట్లు దిగారు. కింద మోకాళ్ల లోతు నీళ్లు. ఎదురుగా రెండు తలుపులు. ఎడమ తలుపు సందులోంచి వెలుతురు వస్తోంది."

"నేను తలుపుకి చెవి ఆనించి వింటా."

"పాచిక వెయ్."

"రెండు పడింది."

"నీళ్ల చప్పుడు తప్ప ఏం వినపళ్లేదు."

"నువ్వు జరుగు మామా, నేను తన్నేస్తా."

1974 నాటి రూల్స్‌లో ఆరు ముఖాల పాచిక మీద ఒకటి పడితేనే మనిషికి తలుపవతలి చప్పుడు వినపడుతుంది. మావాడు మనిషి కాకుండా ఎల్ఫ్ అనే కల్పిత జాతి పాత్ర తీసుకుని ఉంటే రెండు పడ్డా సరిపోయేది. ఏం చేయాలో ఆటగాడు చెబుతాడు, అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది, తర్వాత ఏమైందో నడిపేవాడు చెబుతాడు. ఇంతే.

మా అమ్మ మూడు గంటలపాటు పక్కన కూర్చుని పప్పులో రాళ్లేరుతూ అంతా విని, చివర్లో "ఇంతకీ ఎవరు గెలిచార్రా?" అంది. ఎవరూ గెలవరు. బతికున్నవాళ్లు వచ్చే ఆదివారం కొనసాగిస్తారు, చచ్చినవాళ్లు కొత్త పాత్ర రాసుకుంటారు.

దీన్ని కనిపెట్టిందెవరు?

1974లో ఈ ఆటని అమ్మిన పెట్టె మీద ఇద్దరి పేర్లున్నాయి: గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. నా లెక్కలో మూడో పేరు కూడా ఉండాలి. ఆయన డేవిడ్ వెస్లీ.

అమెరికా ఉత్తర భాగంలో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు. అక్కడ కొందరు కుర్రాళ్లు బల్ల మీద సీసపు సైనికుల్ని పెట్టుకుని నెపోలియన్ కాలపు యుద్ధాలు ఆడుకునేవాళ్లు. 1969లో వెస్లీ ఒక ప్రయోగం చేశాడు. యుద్ధానికి ముందు బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణంలో ఏం జరుగుతుందో ఆడిద్దామని ఒకరిని మేయర్‌ని చేశాడు, ఒకరిని బ్యాంకు యజమానిని చేశాడు, ఇంకొకరిని విద్యార్థిని చేశాడు. ఆట మొదలవగానే అంతా చెయ్యిదాటిపోయింది. ఎవరికి వాళ్లు పక్కకెళ్లి గుసగుసలు, కుట్రలు. ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి దిగుతామన్నారు. దానికి వెస్లీ దగ్గర రూల్ లేదు, అప్పటికప్పుడు ఒకటి అల్లాడు. అంతా పాడైపోయిందని ఆయన తల పట్టుకుంటే, వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు.

ఆ గుంపులో ఉన్న ఆర్నెసన్ అదే పద్ధతిని బ్లాక్‌మూర్ అనే ఊహాలోకంలోకి తీసుకెళ్లాడు. కోట కింద నేలమాళిగలు, వాటిలో భూతాలు, నిధులు. 1972 చివర్లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరికి వెళ్లి గైగాక్స్‌కి ఆడి చూపించాడు. గైగాక్స్ ఒకప్పుడు బీమా కంపెనీలో పనిచేసి, ఆ ఉద్యోగం పోయాక చెప్పులు బాగుచేస్తూ ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. రాయడంలో మాత్రం రాక్షసుడు. ఆర్నెసన్ ఇచ్చిన కొద్ది పేజీల నోట్సు పట్టుకుని టైప్‌రైటర్ ముందు కూర్చున్నాడు. రాసిందాన్ని ముందుగా తన పిల్లలు ఎర్నీ, ఎలీస్‌లతోనే ఆడించి చూశాడు.

చదరంగం మనదే కదా, అంటే ఇదీ మన దగ్గర్నుంచే వెళ్లిందా?

ఆ తాడు ఉంది కానీ చాలా పొడుగు. మన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరి చెస్ అయింది. 1780లో హెల్‌విగ్ అనే జర్మన్ ఆయన చెస్‌నే పెంచి, నేల రకాలు, ఫిరంగులు కలిపి యుద్ధ క్రీడ తయారుచేశాడు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ దాన్ని గళ్లలోంచి మ్యాప్ మీదకు తెచ్చి, పాచికలూ మధ్యవర్తినీ చేర్చాడు. 1880లో అమెరికాలో టాటెన్ అనే సైనికాధికారి అలాంటిదే ఒక పుస్తకం రాశాడు. వెస్లీకి ఊపునిచ్చింది ఆ పాత పుస్తకమే: రూల్‌లో లేని పని ఎవరైనా చేస్తానంటే రిఫరీయే తేల్చాలని అందులో ఉంది. చతురంగం నుంచి ఇక్కడిదాకా గీత గీయొచ్చు. "అంతా మన వేదాల్లోనే ఉంది" అనే బాపతు మాట మాత్రం నా చేత అనిపించకండి.

మొదటి పెట్టెలో ఏముండేది?

1974 జనవరి. చెక్క రంగు కాగితం అతికించిన అట్టపెట్టె, లోపల మూడు సన్నటి పుస్తకాలు, కొన్ని పట్టికల కాగితాలు. ధర 10 డాలర్లు. అచ్చువేసింది 1,000 కాపీలు. టాక్టికల్ స్టడీస్ రూల్స్, పొట్టిగా టీఎస్ఆర్, అనే కంపెనీని గైగాక్స్, చిన్ననాటి స్నేహితుడు డాన్ కే కలిసి అంతకు కొద్ది నెలల ముందే పెట్టారు. అచ్చుకు డబ్బు చాలకపోతే బ్రయన్ బ్లూమ్ 2,000 డాలర్లు పెట్టి భాగస్థుడయ్యాడు. పెట్టెలు సర్దడం, స్టిక్కర్లు అంటించడం అంతా ఇంట్లోనే, చేత్తోనే.

పెట్టెలో పాచికలు లేవు, విడిగా కొనుక్కోవాలి. పోరాటం ఎలా లెక్కగట్టాలో పూర్తిగా లేదు, దానికి గైగాక్స్ అంతకుముందు 1971లో తెచ్చిన చెయిన్‌మెయిల్ అనే మరో పుస్తకం చూడమన్నారు. అడవుల్లో తిరగాలంటే వేరే కంపెనీ అమ్మే ఔట్‌డోర్ సర్వైవల్ ఆటలోని బోర్డు తెచ్చుకోమన్నారు! మన ఇళ్లల్లో వంటల పుస్తకం కొంటే "పోపు సంగతి పక్కింటి పిన్నిగారిని అడగండి" అని రాసి ఉన్నట్టు. "రోల్‌ప్లేయింగ్" అనే మాట పెట్టె మీద ఎక్కడా లేదు, యుద్ధ క్రీడల రూల్స్ అనే ఉంది. కథ నడిపేవాడికి "డంజన్ మాస్టర్" అన్న పిలుపు కూడా తర్వాత పుట్టిందే, అందులో రిఫరీ అనే రాశారు.

ఇంత గందరగోళంగా ఉంటే మరి జనం ఎలా ఎగబడ్డారు?

ఎగబడలేదు. మొదటి వెయ్యి పెట్టెలు అమ్ముడుపోవడానికి దాదాపు ఏడాది పట్టింది. తర్వాతి వెయ్యికి అంతకాలం పట్టలేదు, ఆపైన అచ్చు ఆగలేదు.

చాలామంది దీని విజయాన్ని డ్రాగన్లకి, కత్తులకి, అప్పట్లో అమెరికా కాలేజీల్లో "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" రాసిన టాల్కీన్ పుస్తకాలకున్న మోజుకి కట్టబెడతారు. అది సగమే నిజం. డ్రాగన్లున్న ఆటలు చాలా వచ్చాయి, పోయాయి. నన్నడిగితే, ఇది అసంపూర్తిగా ఉండటమే దీన్ని గట్టెక్కించింది.

పుస్తకం చదివి ఈ ఆట నేర్చుకోవడం దాదాపు అసాధ్యం. ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. మన అష్టాచెమ్మా ఎవరైనా పుస్తకంలో చదివి నేర్చుకున్నారా? నానమ్మ గవ్వలు చేతిలో పెట్టి కూర్చోబెడితే వచ్చింది. ఇదీ అంతే. ఒక ఊళ్లో ఒకడికి పెట్టె దొరికితే ఆరుగురు ఆడేవాళ్లు. ఆ ఆరుగురిలో ఇద్దరు సెలవులకి సొంతూరు వెళ్లి తమ్ముళ్లకి, స్నేహితులకి నేర్పేవాళ్లు. వాళ్ల దగ్గర పెట్టె ఉండేది కాదు, జిరాక్స్ కాగితాలుండేవి. కాబట్టి అమ్ముడైన పెట్టెల్ని లెక్కబెట్టి ఆడినవాళ్ల సంఖ్య చెబితే తప్పే అవుతుంది.

ఇక రూల్స్‌లో కంతలున్నచోట ప్రతి గుంపూ సొంత రూలు రాసుకుంది. అలా రాసుకున్నవాడికి అది తన ఆట. కొనుక్కున్న ఆటని రెండు నెలలాడి అటక మీద పడేస్తాం, సొంతంగా కట్టుకున్నదాన్ని పడేయలేం. మూడో పుస్తకం చివర్లో రచయితలే, ఊహించే పని మీదే కదా, మళ్లీ మేమెందుకు చేసిపెట్టాలి అన్న ధోరణిలో రాశారు. తర్వాత కంపెనీ పెద్దదయ్యాక అదే గైగాక్స్ "అసలు రూల్స్ ఇవీ, ఇలాగే ఆడాలి" అని పత్రికలో వాదించాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంటర్నెట్ లేని రోజుల్లో ఒకరి రూల్స్ ఇంకొకరికి ఎలా చేరేవి?

సైక్లోస్టైల్ పత్రికల ద్వారా. మన దగ్గర కవులు, విప్లవ సంఘాలు స్టెన్సిల్ కోసి కాపీలు తీసి పంచుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. లాస్ ఏంజెలస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ 1975 జూన్‌లో అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అనే పత్రిక మొదలుపెట్టింది. పద్ధతేమిటంటే, ఎవరి పేజీలు వాళ్లు టైపు చేసుకుని ఆవిడకి పంపుతారు, ఆవిడ అందరివీ కలిపి కుట్టి తిరిగి అందరికీ పోస్టు చేస్తుంది. పోయిన నెల నువ్వు రాసినదానికి ఈ నెల నేను జవాబిస్తాను. "మీ మాయావి అలా గాల్లో ఎగరడం రూల్‌కి విరుద్ధం" అని నెలల తరబడి కొట్టుకునేవాళ్లు. ఆ పత్రికని ఆవిడ దాదాపు 50 ఏళ్లు నడిపింది.

గుంపుగా కలవడానికి జెన్ కాన్ ఉండేది. 1968లో గైగాక్స్ లేక్ జెనీవాలోని హార్టికల్చరల్ హాలు అద్దెకి తీసుకుని మొదలుపెట్టిన ఆటల జాతర అది. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది.

ఆ వింత పాచికలు ఎక్కడివి?

పిల్లలకి లెక్కలు నేర్పే సామాన్లమ్మే ఒక కాలిఫోర్నియా కంపెనీవి. 4, 6, 8, 12, 20 ముఖాలవి, అంటే రేఖాగణితంలో చదువుకున్న ఐదు క్రమ ఘనాకృతులే. 10 ముఖాల పాచిక తర్వాత వచ్చింది.

ఆ తొలి పాచికలు చూస్తే జాలేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్. ఆడగా ఆడగా అంచులరిగి గోళీల్లా దొర్లిపోయేవి. అంకెలు చెక్కి ఉండేవి కానీ రంగు ఉండేది కాదు. కొన్నవాళ్లు క్రేయాన్ రుద్ది, పైన గుడ్డతో తుడిస్తే గాడిలో రంగు నిలిచేది. 20 ముఖాల దాని మీద 1 నుంచి 20 దాకా ఉండదు, 0 నుంచి 9 దాకా రెండుసార్లు ఉంటుంది. అందుకని సగం ముఖాలకు ఒక రంగు, సగానికి ఇంకో రంగు క్రేయాన్ పూసి, ఎర్రది పడితే పది కలపాలి అనుకునేవాళ్లు.

పాత్ర బలం, తెలివి లాంటి గుణాలకు మూడు ఆరు ముఖాల పాచికలు వేసి కూడేవాళ్లు. సగటు పదిన్నర. 18 రావాలంటే 216లో ఒక్క అవకాశం. కాబట్టి ఎవరైనా "నాకు మొదట్లోనే రెండు పద్దెనిమిదులు పడ్డాయి" అంటే వాడి అన్నని అడిగి నిజం తెలుసుకోండి.

పాత్రలు అంత తొందరగా చచ్చిపోతే విసుగు రాదా?

తొలి పుస్తకాల ప్రకారం దాదాపు ఏ ఆయుధం దెబ్బయినా ఒక ఆరు ముఖాల పాచికంత. మొదటి లెవెల్ మాంత్రికుడి ప్రాణం కూడా అలాంటి పాచిక ఒక్కటే. లెక్క మీరే వేసుకోండి. అందుకే పాతకాలం ఆటగాళ్లు వీరుల్లా కాక దొంగల్లా ఆడేవాళ్లు: కర్రతో నేల తట్టి చూడటం, భూతానికి మాంసం ముక్క విసిరి పక్కనుంచి జారుకోవడం. భూతాల్ని చంపితే వచ్చే అనుభవం (పాత్ర లెవెల్ పెంచే పాయింట్లు) కంటే బంగారం బయటకి మోసుకొస్తే వచ్చేదే ఎక్కువ. నాకు ఆ పద్ధతే ఇష్టం.

ఆడవాళ్లు ఆడేవాళ్లా?

యుద్ధ క్రీడల క్లబ్బుల్లో దాదాపు అంతా మగవాళ్లే. ఈ ఆటతో ఆడవాళ్లు రావడం మొదలైంది. లీ గోల్డ్ గురించి పైన చెప్పాను. 1979లో టీఎస్ఆర్ జీన్ వెల్స్‌ని డిజైనర్‌గా తీసుకుంది. అయితే ఆ తొలి పుస్తకాల్లోని బొమ్మలు, రాతలు చూస్తే ఎవర్ని దృష్టిలో పెట్టుకుని రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

ఇది ఒక్కటేనా, వేరే ఆటలు లేవా?

మరుసటి ఏడాదే వచ్చాయి. అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రే అనే లైబ్రేరియన్ డి అండ్ డి రూల్స్ చదివి, తలనొప్పి వచ్చి, ఇంట్లో దొరికే మామూలు పాచికలతో ఆడుకునేలా 1975లో టన్నెల్స్ అండ్ ట్రోల్స్ రాశాడు. ఒంటరిగా ఆడుకునే సాహసాలు అమ్మడం ఆ ఆటతోనే మొదలైంది. 1977లో ట్రావెలర్ జనాన్ని అంతరిక్షంలోకి తీసుకెళ్లింది. దాంట్లో పాత్ర తయారుచేసుకుంటుండగానే, ఆట మొదలవకముందే, చచ్చిపోవచ్చు! 1978లో రూన్‌క్వెస్ట్, 1981లో కాల్ ఆఫ్ కతుల్హు. ఈ చివరిదాంట్లో భూతాన్ని గెలవడం కాదు, చూసి పిచ్చెక్కకుండా బయటపడటమే గొప్ప.

మన ఉపఖండానికి దగ్గరి చుట్టం 1975 నాటి ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్. రాసిన ఎం.ఎ.ఆర్. బార్కర్ మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషల ప్రొఫెసర్, ఉర్దూ పాఠ్యపుస్తకాల కర్త. అందుకే ఆయన ఊహాలోకంలో యూరప్ కోటలుండవు; మన దేశం, ఈజిప్టు, మాయన్ నాగరికతల వాసన ఉంటుంది. ఆయన మారుపేరుతో నాజీ భావజాలపు నవల రాశాడని 2022లో ఆయన రచనల బాధ్యత చూసే సంస్థే ఒప్పుకుంది. అది తెలిసాక నా అరలోని ఆ పుస్తకాన్ని మళ్లీ తెరవబుద్ధి కాలేదు.

మన రాక్షసుడు కూడా ఇందులో ఉన్నాడట, నిజమేనా?

ఉన్నాడు, పేరు కూడా "రాక్షస" అనే. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో బొమ్మ చూస్తే నవ్వాపుకోలేరు. కోరమీసం, గద, కిరీటం ఏవీ లేవు. పులి తల, ఒంటి మీద దొరల కోటు, చేతిలో పొగ తాగే పైపు! పవిత్రం చేసిన బాణం తగిలితే చస్తాడట. అది రామాయణంలోంచి వచ్చింది కాదు, 1974లో అమెరికా టీవీలో వచ్చిన ఒక భయానక సీరియల్‌ భాగంలోంచి. మన ఇంద్రుడు, అగ్ని, యముడు కూడా 1980లో వచ్చిన దేవతల పుస్తకంలో ఉన్నారు, హిట్ పాయింట్లతో సహా. దేవుడికి ప్రాణం ఎన్ని పాయింట్లో రాసి ఉంటే వాణ్ణి చంపుదామని చూసే ఆటగాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు.

మిగతా భూతాల పుట్టుక ఇంకా తమాషా. గైగాక్స్ చవక దుకాణంలో "చరిత్రపూర్వ జంతువులు" అని అమ్మే ప్లాస్టిక్ బొమ్మల సంచి కొన్నాడు. ఏ జంతువుకీ సరిపోలని వంకర బొమ్మలవి. వాటిని బల్ల మీద పెట్టి ఒకదానికి గుడ్లగూబ ఎలుగుబంటి అన్నాడు, ఇంకోదాన్ని ఇనుము తినే తుప్పు భూతం చేశాడు. రెండూ ఇప్పటికీ ఆటలో ఉన్నాయి.

దయ్యాల పూజ అని గొడవైంది కదా?

1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న 16 ఏళ్ల అబ్బాయి కనిపించకుండా పోయాడు. ఆ ఆట ఆడుతూ కాలేజీ కింది ఆవిరి సొరంగాల్లో తప్పిపోయి ఉంటాడని వెతకడానికి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ ఊహించాడు, పత్రికలు అందుకున్నాయి. ఆ అబ్బాయి దూరాన లూసియానాలో దొరికాడు. అతని బాధలు వేరు, వాటికీ ఆటకీ సంబంధం లేదు. కానీ ఆ వారాల్లో ఆట పేరు వినని అమెరికా ఇల్లు లేకుండా పోయింది. అమ్మకాలు పడిపోలేదు సరికదా, ఎగబాకాయి.

కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి 1983లో ఆటకి వ్యతిరేకంగా సంఘం పెట్టింది. 1985లో పేరున్న టీవీ కార్యక్రమం దీన్ని చర్చకు తెచ్చింది. చర్చిల్లో పుస్తకాలు తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. చివరికి 1989 నాటి రెండో ఎడిషన్‌లో కంపెనీయే భయపడి డెవిల్స్, డెమన్స్ అన్న పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టింది. కొడుకు ఎందుకలా అయ్యాడో తెలియక కుమిలిపోయే తల్లి మీద నాకు కోపం లేదు. ఆ దుఃఖాన్ని అమ్ముకున్నవాళ్ల మీద ఉంది.

పెద్ద దుకాణాల్లోకి ఎప్పుడు వచ్చింది?

1977లో. దక్షిణ కాలిఫోర్నియాలో న్యూరాలజీ ప్రొఫెసర్ ఎరిక్ హోమ్స్ ఈ రూల్స్ కొత్తవాళ్లకి అర్థమయ్యేలా తిరిగి రాస్తానని తానే ముందుకొచ్చాడు. ఆ బేసిక్ సెట్‌తో బొమ్మల దుకాణంలో కొని ఇంటికి తెచ్చుకుని ఆడటం సాధ్యమైంది. 1981లో, 1983లో ఇంకా సులువైన సెట్లు వచ్చాయి. 1983 నాటి ఎర్ర పెట్టెలో మొదటి పుస్తకం ఒక్కడే కూర్చుని చదువుతూ ఆడటం నేర్చుకునేలా ఉంటుంది. అదే ఏడాది టీవీలో కార్టూన్ కూడా మొదలైంది. అప్పటికి కొనేది కాలేజీ కుర్రాళ్లు కారు, పదేళ్ల పిల్లల అమ్మానాన్నలు.

మరి కనిపెట్టినవాళ్లు కోటీశ్వరులయ్యారా?

డాన్ కే 1975 జనవరిలో గుండెపోటుతో పోయాడు, ఆట ఏమైందో చూడలేదు. రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కేసు వేస్తే 1981లో రాజీ కుదిరింది. గైగాక్స్ 1985లో సొంత కంపెనీ మీద పట్టు పోగొట్టుకున్నాడు. 1997లో టీఎస్ఆర్‌ని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే ఆటల కంపెనీ కొంది, రెండేళ్లకి దాన్ని హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కొంది.

అమెరికా బయట ఆడారా?

లండన్‌లో ఒక ఫ్లాట్‌లోంచి గేమ్స్ వర్క్‌షాప్ అనే చిన్న వ్యాపారం నడిపే ముగ్గురు 1975లో ఆరు పెట్టెలు తెప్పించుకున్నారు. ఆ ఆరింటికే టీఎస్ఆర్ వాళ్లకి మొత్తం యూరప్ హక్కులిచ్చింది! జర్మనీలో 1981లో, స్వీడన్‌లో 1982లో సొంత ఆటలు పుట్టాయి. జపాన్‌ది మరీ వింత. 1986లో ఒక కంప్యూటర్ పత్రిక ఆడుతున్నవాళ్ల మాటల్ని ఉన్నదున్నట్టు సీరియల్‌గా అచ్చువేసింది. ఆడనివాళ్లు కూడా దాన్ని నవలలా చదివారు.

మా అబ్బాయి ఫోన్లో ఆడేవాటికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

"అమ్మా ఒక్క నిమిషం, లెవెల్ పెరిగాక వస్తా" అంటున్నాడా? ఆ లెవెల్ ఇక్కడిదే. హిట్ పాయింట్లు కూడా ఇక్కడివే; వాటిని ఆర్నెసన్ పాత యుద్ధనౌకల ఆటల్లోంచి తెచ్చాడు. పెట్టె వచ్చిన ఏడాదికే, 1975కల్లా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠాల కోసం పెట్టిన ప్లేటో అనే కంప్యూటర్లలో విద్యార్థులు నేలమాళిగల ఆటలు రాసేశారు.

పాతకాలం పద్ధతిలో ఆడాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

1974 పుస్తకాలు పీడీఎఫ్‌లుగా కొనుక్కోవచ్చు, కానీ వాటితో మొదలుపెట్టకండి. 1981 నాటి సులువైన రూల్స్‌నే శుభ్రంగా తిరగరాసిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ ఉంది. ఉచితంగా కావాలంటే బేసిక్ ఫాంటసీ దింపుకోండి.

పాచికలు దొరకలేదు. ఏం చేయాలి?

1979 ప్రాంతంలో బేసిక్ సెట్‌కి గిరాకీ పెరిగి పాచికలు చాలకపోతే టీఎస్ఆర్ అంకెలు అచ్చువేసిన అట్టముక్కలు పెట్టి పంపింది, కత్తిరించుకుని కప్పులో వేసి తీసుకోమని. మా మొదటి ఆట కూడా అలాగే ఆడాం. పెళ్లి శుభలేఖ అట్టని 20 ముక్కలు కోసి, స్కెచ్ పెన్నుతో అంకెలేసి, స్టీలు గ్లాసులో పోశాం. తీసిన ముక్క మళ్లీ గ్లాసులో వేసి కుదపడం మర్చిపోకండి. మేం మర్చిపోయాం, గంటన్నర తర్వాత గ్లాసులో 4, 7 మాత్రమే మిగిలాయి.